మోచేయి దగ్గర అల్నార్ నరం: పరీక్ష అంకెల వెనక కథ

చిటికెన వేలు తిమ్మిరెక్కి, వేళ్ల మధ్య పెట్టిన కాగితం లాగితే ఊడొచ్చేస్తుంటే ముందుగా అనుమానించేది మోచేయి దగ్గరి అల్నార్ నరాన్ని (మోచేయి లోపలి వైపు నుంచి చిటికెన వేలి దాకా వెళ్లే నరం). దాన్ని తేల్చే పరీక్షలో నరానికి రెండు చోట్ల చిన్న విద్యుత్ షాక్ ఇచ్చి, కండరం స్పందించే సమయాన్ని బట్టి సంకేతం వేగం లెక్కిస్తారు. నరంలో సంకేతం పరుగెత్తే వేగాన్ని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1850లో కప్ప నరం మీద కొలిచాడు. మనుషుల్లో మోటార్ (కండరాలను కదిలించే) నరాల వేగాన్ని హోడ్స్ బృందం 1948లో లెక్కగట్టింది. ఒత్తిడి పడిన చోటే ఆ వేగం తగ్గుతుందని 1956లో సింప్సన్ చూపించాడు.

చిక్కంతా కొలతలోనే. చేయి చాపితే నరం వదులవుతుంది. చర్మం మీద టేపు చూపే దూరం అసలు పొడవు కన్నా తక్కువ. మంచి నరం కూడా మందకొడిగా కనిపిస్తుంది. అందుకే 1999 నాటి అమెరికన్ మార్గదర్శకాలు మోచేయిని 70–90 డిగ్రీలు వంచి, పైనా కిందా షాక్ ఇచ్చే బిందువుల మధ్య సుమారు 10 సెం.మీ. ఉంచమన్నాయి. సెకనుకు 50 మీటర్ల కన్నా తక్కువ వేగం, ముంజేతి వేగం కన్నా 10 మీటర్లకు మించిన తగ్గుదల, కండర స్పందన ఎత్తులో 20 శాతానికి మించిన పతనం అనుమానించదగ్గవి. 10 సెం.మీ. దాటడానికి 2 మిల్లీసెకన్లు పడితే వేగం 50. టేపు ఒక్క సెంటీమీటరు తక్కువ చూపితే అదే నరం 45కి పడిపోతుంది! కింది బిందువు లోపలి ఎముక బుడిపెకు 3 సెం.మీ. దిగువన ఉండాలి, ఇంకా కిందికి పోతే నరం కండరం లోతుల్లోకి జారుకుంటుంది, షాక్ సరిగా అందదు.

ఈ లెక్కలన్నీ ప్రధానంగా ఒత్తిడి వల్ల మైలిన్ పొర (నరపు తీగల పైతొడుగు) చెడిన నరాల కోసం. గాయమైతే దారి వేరు. నరానికి తగిలే దెబ్బలను సెడన్ 1943లో మూడు రకాలుగా విభజించాడు: వాహకత (సంకేతం పారడం) ఆగడం, యాక్సాన్ (నరం లోపలి తీగ) తెగడం, నరమే తెగడం. మొదటి రోజుల్లో పరీక్ష వీటిని విడదీయలేదు. నరం పూర్తిగా తెగినా, మర్నాడు గాయానికి కింద షాక్ ఇస్తే కండరం మామూలుగానే కదులుతుంది. కింది భాగం క్షీణించి మోటార్ స్పందన పోవడానికి వారం దాకా, సెన్సరీ (స్పర్శ) స్పందన పోవడానికి 10–11 రోజుల దాకా పడుతుంది. కండరంలో సూది గుచ్చి చేసే పరీక్షలో ఫిబ్రిలేషన్లు (నరంతో సంబంధం తెగిన కండరంలో తమంతట పుట్టే విద్యుత్ సంకేతాలు) కనిపించాలంటే రెండు మూడు వారాలు ఆగాలి. పదునైన కోతగాయంలో ఆపరేషన్‌ను ఈ రిపోర్టు కోసం ఆపడం మాత్రం తగదు.

యాక్సాన్లే పోయినప్పుడు మిగిలిన తీగలు మంచి వేగమే చూపవచ్చు, దెబ్బ ఎక్కడ తగిలిందో తేలదు. అప్పుడు స్పందన ఎత్తు, సూది పరీక్షే దిక్కు. మణికట్టును వంచే అల్నార్ కండరం బాగుందని మోచేతిని వదిలేయకూడదు. దానికి వెళ్లే నరపు తీగలు తరచూ దెబ్బ తప్పించుకుంటాయి.

ఒత్తిడి, గాయం ఈ రెంటి మధ్యా నిలిచేది 1878లో పానాస్ వర్ణించిన ఆలస్యపు పక్షవాతం. చిన్నప్పుడు విరిగిన మోచేయి వంకరగా అతుక్కుంటే, ఏళ్ల తర్వాత నరం సాగి, రాపిడికి గురవుతుంది. కారణం గాయమే, రిపోర్టు మాత్రం ఒత్తిడి కేసులా రావచ్చు. పాత ఫ్రాక్చర్ గురించి అడగకపోతే ఆ సంగతి బయటపడదు.