మేకును తినేసే నీళ్లు

"అమ్మా, మెట్టెలు తీసెయ్యి" అని మా అమ్మాయి చెబుతూనే ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచీ తీయనివాటిని కాళ్లు తడుపుకోవడానికి తీస్తానా అనుకుని అలాగే నీళ్లలో పెట్టేశాను. చుట్టూ మంచు. మోకాళ్ల కిందిదాకా వేడి. ఆ హాయిలో పది నిమిషాలు ఇట్టే గడిచిపోయాయి. కాళ్లు పైకి తీసేసరికి వెండి మెట్టెలు రెండూ మసిబట్టిన గిన్నెల్లా ఉన్నాయి. కుళ్లిన కోడిగుడ్డు వాసన ముక్కుకు తగులుతూనే ఉందిగానీ, ఆ వాసనే నా మెట్టెల మీద పని చేస్తోందని అప్పుడు తట్టలేదు. ఆ వాయువు పేరు హైడ్రోజన్ సల్ఫైడ్. అందులోని గంధకం వెండితో కలిసి నల్లటి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది.

మేం వెళ్లిన ఊరు కుసాత్సు. టోక్యోకు వాయవ్యంగా గున్మా రాష్ట్రంలో, సముద్రమట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తున ఉంది. జపాన్‌లో వేడినీటి బుగ్గల ఊళ్లకు కొదవలేదు, వాటిని ఒన్‌సెన్ అంటారు. కానీ యంత్రాలతో తోడకుండా తనంతట తానే పొంగే నీటి పరిమాణంలో కుసాత్సుదే మొదటి స్థానమని చెబుతారు. అన్ని ఊటలూ కలిపి నిమిషానికి 32,000 లీటర్లకు పైనే. ఊరి నడిబొడ్డున ఉన్న ఊట ఒక్కటే నిమిషానికి 4,000 లీటర్ల దాకా ఇస్తుంది. మన వీధుల్లో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకరు నిమిషంన్నర కూడా పట్టకుండా నిండిపోతుందన్నమాట.

ఆ ఊటను యుబతాకే అంటారు. యు అంటే వేడినీళ్లు, హతాకే అంటే చేను. వేడినీళ్ల చేను! పేరు విన్నప్పుడే నాకు నచ్చింది, చూశాక ఇంకా నచ్చింది. యాభై డిగ్రీలు దాటిన నీరు పైకి వచ్చి, పక్కపక్కన పరిచిన ఏడు పొడవాటి చెక్క కాలువల్లోంచి పల్చగా పారి, చివర చిన్న జలపాతంలా దూకుతుంది. చేలో చాళ్లు తీసినట్టే ఉంటుంది. చలికాలం కావడంతో ఆవిరి మనిషెత్తున లేస్తోంది. ఒకప్పుడు జపాన్‌ను ఏలిన తొకుగావా వంశపు ఎనిమిదో షోగన్ (సైనిక పాలకుడు) యొషిమునె ఈ నీటిని ఎడో కోటకు, అంటే నేటి టోక్యోకు, మోయించుకుని స్నానం చేశాడట. ఆయన కోసం నీళ్లు తోడిన చోట చెక్కచట్రం ఒకటి ఇప్పటికీ ఉంది.

ఆ కాలువలు అందం కోసం పెట్టినవి కావు. వేడినీటిని పల్చగా పరిస్తే గాలి తగిలే మేర పెరుగుతుంది, ఆవిరయ్యే నీరూ పెరుగుతుంది. ఒక లీటరు ఆవిరైపోతూ 500 లీటర్లకు పైగా నీటిని ఒక డిగ్రీ చల్లబరచగలదు. మట్టికుండలో నీళ్లు చల్లబడేదీ ఇందుకే. పారుతున్న దారిలో నీటిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గంధకంగా మారి, చెక్కల మీద లేతపసుపు పొడిగా పేరుకుంటుంది. దాని పేరు యునోహనా, వేడినీళ్ల పువ్వులు. కొన్నాళ్లకోసారి గీకి తీస్తారు. చేను అన్నాక పంట ఉండాలి కదా, ఇదే ఆ పంట.

కాలువలు చెక్కతోనే ఎందుకు చేశారన్నది నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించిన ప్రశ్న. ఇనుముతో చేస్తే మిగలవు. ఆమ్లత్వాన్ని చెప్పే పీహెచ్ విలువ ఈ నీటికి 2.1 దగ్గర ఉంటుంది. మామూలు మంచినీటికి అది 7. ఒక్కో అంకె తగ్గితే ఆమ్లత్వం పదిరెట్లు పెరుగుతుంది కాబట్టి, ఈ నీరు మంచినీటికన్నా దాదాపు లక్ష రెట్లు ఆమ్లం. నిమ్మరసంతో సమానం. ఆరంగుళాల ఇనుప మేకును ఊట నీటిలో వేలాడదీస్తే పది రోజుల్లో సన్నటి తీగలా అయిపోతుందని ఆ ఊళ్లో అందరూ చెప్పే మాట. అల్యూమినియంతో చేసే ఒక యెన్ నాణెం పనీ అంతే. వేలు తడిపి నాలుకకు ఆనించి చూశాను. మొదట పులుపు, వెనకే పటిక కొరికినట్టు వగరు. ఆ పోలిక నా నాలుక తెచ్చిందే అయినా రసాయనశాస్త్రమూ దానికి సరే అంటుంది. ఆమ్లం రాళ్లలోని అల్యూమినియాన్ని కరిగించుకుని వస్తుంది కాబట్టి ఇందులో అల్యూమినియం సల్ఫేట్ పుష్కలం, పటికకు అది దగ్గరి చుట్టం.

ఇంత ఆమ్లం ఎక్కడిది? ఊరి పైనే షిరానే అగ్నిపర్వతం ఉంది. లోపల కాగుతున్న శిలాద్రవం నుంచి గంధకం, క్లోరిన్ ఉన్న వాయువులు పైకి వస్తాయి. వాననీరు, కరిగిన మంచు కొండలోకి ఇంకుతూ దారిలో వాటిని కలుపుకుంటాయి. అలా సల్ఫ్యూరిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు తయారవుతాయి. మన భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు వస్తాయి, చాలామంది చూసే ఉంటారు. అక్కడ అగ్నిపర్వతం లేదు. నేల పగుళ్లలోంచి లోతుకు దిగిన నీరు భూగర్భపు వేడికి కాగి పైకి వస్తుందంతే. అందుకే ఆ నీరు వేడిగా ఉన్నా మేకులను తినదు.

కుసాత్సులోని ఇంకో ఊట, బందాయ్‌కో, 1970లో గంధకపు గని సొరంగం తవ్వుతుంటే బయటపడింది. దాని వేడి 95 డిగ్రీల దాకా ఉంటుంది, పీహెచ్ 2 కన్నా తక్కువ. దాని వేడితో మామూలు నీళ్లను కాచి ఇళ్లకు పంపుతారు, రోడ్ల మీద మంచును కరిగిస్తారు.

మరి మేకును తినే నీటిలో మనిషి ఎలా కూర్చుంటాడు? చర్మం పైపొర చచ్చిన కణాలతో, కెరాటిన్‌తో, కొవ్వుతో గట్టిగా అల్లుకుని ఉంటుంది. ఆ పొరకు స్వతహాగా కొద్దిపాటి ఆమ్లత్వం ఉంది. కొద్దిసేపటికి అది చాలినంత కవచం. చిన్న గీత ఉన్నచోట మాత్రం చురుక్కుమంటుంది. సబ్బు అసలు నురగ రాదు, ఆమ్లం దాన్ని విరిచేస్తుంది.

'కొద్దిసేపు' అన్న ఆ మాట చుట్టూ ఈ ఊరు ఒక పద్ధతినే అల్లుకుంది. కాగే నీటిని చల్లార్చడానికి చన్నీళ్లు కలిపితే నీటి బలం పోతుందని కలపరు. ఆరడుగుల పొడవు, అడుగు వెడల్పున్న చెక్కపలకలతో ఆడవాళ్లు వరసగా నిలబడి తొట్టిలోని నీటిని తిరగేస్తారు. మన దగ్గర నాట్లేసేవాళ్ల పాటలాగే వాళ్లకూ పాట ఉంది, పలకలన్నీ ఆ లయకే లేస్తాయి. దీన్ని యుమోమి అంటారు. ఆ తర్వాత స్నానానికి దిగేవాళ్లు ముందు తల మీద ముంతలతో వేడినీళ్లు పోసుకుని, 48 డిగ్రీల దగ్గర ఉన్న నీటిలో అందరూ ఒక్కసారే దిగి, మూడు నిమిషాలకు ఒక్కసారే లేవడం పాత పద్ధతి. జికాన్‌యు, అంటే సమయం లెక్కపెట్టే స్నానం. 1876లో జపాన్ వచ్చి టోక్యోలో వైద్యం బోధించిన జర్మన్ డాక్టర్ ఎర్విన్ బెల్జ్ ఈ స్నానాన్ని శ్రద్ధగా గమనించి, కుసాత్సు నీటి గురించి, కొండగాలి గురించి యూరప్‌కు చాటాడు.

నీటికి నిజంగా రోగాలు తగ్గించే గుణం ఉందా? ఇంత ఆమ్లంలో చాలా బ్యాక్టీరియా బతకదు. అటోపిక్ డెర్మటైటిస్ అనే చర్మవ్యాధి ఉన్నవాళ్ల ఒంటి మీద స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియా ఈ స్నానాలతో తగ్గడం అక్కడి వైద్యులు చూశారు. అంతవరకూ నమ్మవచ్చు. కానీ ఒకప్పుడు ఈ నీటి మీద ఆశతో కుష్ఠురోగులు దేశం నలుమూలల నుంచీ కుసాత్సుకు వచ్చారు. వాళ్లకోసం యునోసావా అనే పేట వెలిసింది. ఇంగ్లండు నుంచి వచ్చిన మేరీ కార్న్‌వాల్ లీ 1916లో ఇక్కడికి చేరి వాళ్లకు సేవ చేసింది. పుండ్లను నీరు శుభ్రం చేసి ఉండవచ్చు. కానీ కుష్ఠు బ్యాక్టీరియా దాక్కునేది లోపలి నరాల కణాల్లో, అక్కడికి ఏ స్నానమూ చేరదు. 1932లో ప్రభుత్వం కుర్యూ రకుసెన్‌యెన్ అనే ఆశ్రమం కట్టింది. దాని ఆవరణలోనే 1938 నుంచి 1947 దాకా రోగులను శిక్షించే చీకటిగదులు నడిచాయి. అందులో వేసిన 93 మందిలో 23 మంది చనిపోయారు. వెచ్చటి నీళ్లు అంత దగ్గర్లో పారుతుంటే, వేడి చేసే ఏర్పాటు లేని గదుల్లో మనుషుల్ని చలికి వదిలేశారు. ఆ దగ్గర్లో ఇప్పుడు వాటి గుర్తుగా మ్యూజియం ఉంది. కుసాత్సు వెళ్లేవాళ్లు అది కూడా చూడాలని నా కోరిక.

షిరానే కొండ ఇంకా చల్లారలేదు. శిఖరం మీద అగ్నిబిలంలో ఉన్న యుగామా సరస్సు వైపే అందరి కళ్లూ ఉండగా, 2018 జనవరి 23న పక్కనున్న మొతోషిరానే కొండ హఠాత్తుగా పేలి, మంచు మీద శిక్షణలో ఉన్న సైనికుడు ఒకరు మరణించారు.

స్నానపుగదుల్లోంచి, ఊటల్లోంచి బయటికి పోయే నీరంతా చివరికి యుకావా అనే వాగులో కలిసి ఆగత్సుమా నదికి చేరుతుంది. ఒకప్పుడు ఆ నదిని చచ్చిన నది అనేవారు. చేపలు లేవు, సాగుకు పనికిరాదు, కాంక్రీటులోని సున్నాన్ని ఆమ్లం కరిగించేస్తుంది కాబట్టి వంతెనా ఆనకట్టా నిలవవు. 1964లో వాగు ఒడ్డున ఒక కేంద్రం మొదలైంది. సున్నపురాయి పొడిని నీళ్లలో కలిపి వాగులో పోస్తుంది. సున్నపురాయి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిసి జిప్సం అవుతాయి, కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతుంది. రోజుకు 50 టన్నులకు పైగా పొడి పోయాలి. ఏర్పడిన మడ్డి దిగువనున్న షినాకి డ్యాం వెనక పేరుకుంటుంది, దాన్ని తవ్వి తీస్తుండాలి. ఆ జలాశయం రంగు పచ్చరాయిలా ఉంటుంది. 2020లో ఆగత్సుమా మీద యాంబా డ్యాం పూర్తవడం కూడా ఈ సున్నం చలవే.

ఊరు వదిలే ముందు వాగు మీది వంతెన దగ్గర ఆగాం. గొట్టాల్లోంచి పాలలాంటి ధార వాగులోకి పడుతోంది. పడినచోటికి పైన నీరు తేటగా ఉంది, నాలుకకు ఆనిస్తే పుల్లగా తగిలే నీరు. కింద పదడుగుల మేర తెల్లగా కలిసి, ఆ తర్వాత మెల్లగా మబ్బుగా మారి సాగుతోంది. రాత్రీ పగలూ, పండగల రోజుల్లో కూడా ఆ ధార ఆగదట.