బొంతకు క్విల్టని పేరెట్టినంత మాత్రాన... కొన్ని అపోహలు, వాస్తవాలు

"మన బొంతనే క్విల్టని పేరు మార్చి గోడకు వేలాడదీస్తే రేటు పెరిగింది, అంతేగా!" చేనేత, హస్తకళల ప్రదర్శనల్లో క్విల్టుల ముందు ఆగినవాళ్లు తరచూ అనే మాట ఇది. అందులో సగం నిజమే. మిగతా సగం కోసమే ఈ పోస్టు.

అపోహ: నలుపలకల ముక్కలు అతికితేనే క్విల్టు.

అసలు ముక్కలే అక్కర్లేదు. పై బట్ట, మధ్య పొర, అడుగున అస్తరు, ఈ పొరల్ని కలిపి పట్టే కుట్టు ఉంటే అది క్విల్టే. ఆ కుట్టు ఎలా నడిచిందో చూస్తే చాలాసార్లు ఏ ప్రాంతానిదో చెప్పొచ్చు. బెంగాల్ కాంథాలో మధ్య పొర విడిగా ఉండదు. పాత చీరల్ని దొంతరగా పరిచి, ఆ చీరల అంచుల్లోంచి లాగిన దారంతోనే కుట్టేవారు. కర్ణాటకలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీ ఆడవాళ్లు కుట్టే కవంది అనే బొంతలో ముక్కల్ని ముందే అతికి పెట్టుకోరు. ఒక మూల మొదలుపెట్టి, కుడుతూ పేరుస్తూ, అంచు వెంట చుట్టూ తిరిగి నడిమికి వస్తారు. చివర్లో నాలుగు మూలలా మడత ముక్కల 'ఫూల' పెట్టాలి, అది లేకపోతే కవంది బోసిపోయినట్టే లెక్క.

అమెరికాలోని అలబామాలో గీస్ బెండ్ అనే పల్లె ఉంది. అక్కడి నల్లజాతి మహిళలు చిరిగిన పని బట్టలతో కూడా కుట్టుకున్న దుప్పట్లు 2002లో హ్యూస్టన్ మ్యూజియంలో, ఆపైన న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో గోడలకెక్కాయి. వాటిలో చాలావాటికి గీతలు తిన్నగా ఉండవు. స్కేలు పెట్టి సరిచేస్తే ఆ అందం పోతుంది.

అందుకే ప్రదర్శనలో ముందు వైపు ఫొటో తీసుకుని కదిలిపోకండి. స్టాలువాళ్లని అడిగి వెనక వైపు చూడండి. ముడులు, దారం బిగువు, అస్తరు ముడతలు అక్కడే దొరికిపోతాయి. చెయ్యి మాత్రం వెయ్యొద్దు. బెజవాడ ఉక్కలో చేతికుండే చెమట, జిడ్డు లేత రంగు బట్టకు పట్టేస్తాయి.

అపోహ: మన ఎండలకి ఇవి పనికిరావు.

వేడి పుట్టించేది కుట్టు కాదు, మధ్య పొర. అది మానేసి రెండు మూడు పాత నూలు చీరలు కలిపి కుడితే రోహిణి కార్తెలోనూ కప్పుకోవచ్చు. పాలియెస్టర్ షీటు పెడితే మాత్రం గాలాడదు.

అపోహ: దూది పరిస్తే చాలు, కుట్టు అందానికే.

విడి దూది పరిచినప్పుడు కుట్టు వరసల మధ్య రెండంగుళాలు దాటనివ్వొద్దు. దాటితే మొదటి ఉతుకులోనే దూది ఉండలు కట్టి ఓ మూలకి చేరుతుంది. పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఉండే పాలియెస్టర్ షీటుకైతే నాలుగంగుళాల ఎడం సరిపోతుంది. కుట్టే ముందు పొరల్ని పరిచి నడిమి నుంచి అంచులకు సవరిస్తూ బెత్తెడుకో పిన్నీసు పెట్టండి. అంచుల నుంచి మొదలుపెడితే మిగులు బట్టంతా మధ్యలో ఉబ్బుతుంది. కుట్టయ్యాక ఆ ఉబ్బును ఇస్త్రీ కూడా అణచలేదు.

అపోహ: ఉప్పునీళ్లలో నానబెడితే రంగు దిగదు.

ఇంటింటా వినే మాట, చాలా క్విల్టుల్ని పాడుచేసేదీ ఇదే. అద్దకం తొట్టిలో రంగు నూలుకి చేరడానికి ఉప్పు సాయపడుతుంది, నిజమే. అద్దకం అయిపోయిన బట్టలో పట్టుకోకుండా మిగిలిన రంగుని మాత్రం ఉప్పు ఆపలేదు. పెడన కలంకారీ పక్కన తెల్ల మంగళగిరి నూలు పెట్టాలనుకుంటే కొయ్యకముందే రెండింటినీ విడివిడిగా చన్నీళ్లలో, కొద్దిగా షాంపూ లాంటి మెత్తని సబ్బుతో, నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించండి. ఆరాక తడి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. ఇంకా రంగు అంటితే ఆ ముక్కని ముదురు రంగుల మధ్యకు మార్చేయండి. ఈ ఉతుకుతో గంజీ పోతుంది, కుదించుకుపోయేదీ ఇప్పుడే అయిపోతుంది. లేకపోతే క్విల్టు కుట్టడం అయ్యాక ఒక బట్ట కుదించుకుని పక్కదాన్ని లాగుతుంది.

అపోహ: అతుకులో కాస్త తేడా వస్తే ఏమవుతుంది?

ఐదంగుళాల ముక్కలు పావు అంగుళం అతుకుతో కలిపితే ఒక్కోటీ నాలుగున్నర అంగుళాలు తేలాలి. వరసకు 12 ముక్కలంటే 54 అంగుళాలు. ప్రతి ముక్క అంచున పదహారో వంతు అంగుళం ఎక్కువ తిన్నా, అతుకుకు రెండంచులు కాబట్టి 11 అతుకుల్లో అది అంగుళంన్నరకు దగ్గరవుతుంది. ఒక వరస అలా పొట్టిదై, పక్క వరస సరిగ్గా వస్తే రెండూ కలవవు. అలాంటప్పుడు లాగి కుట్టకండి, విప్పండి. కొత్తవాళ్లు వరస వరసకీ టేపు పెట్టి చూసుకోవాలి. ఇలాంటి 18 వరసల క్విల్టుకు 216 ముక్కలు కావాలి. 44 అంగుళాల పన్నాలో మీటరుకు 56 ముక్కలు వస్తాయి కాబట్టి నాలుగు మీటర్లు తీసుకుంటే సరి. బెజవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలత బట్టల మార్కెట్‌కి వెళ్లేటప్పుడు ఈ లెక్క జేబులో ఉంచుకోండి.

అపోహ: ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాస్తే భద్రం.

వానాకాలపు తేమ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. పాత నూలు దిండుగలీబులో పెట్టండి. రెండు మూడు నెలలకోసారి తీసి, పాత మడత మీద కాకుండా వేరేచోట మడవండి. ఒకే గీత మీద ఏళ్ల తరబడి మడిస్తే బట్ట మొదట చిరిగేది అక్కడే.