కంటి కింద వాపు, పంటి కింద జబ్బు

మా బుజ్జికి కుడి కంటి కింద ఉసిరికాయంత వాపు వచ్చినప్పుడు ఏ కందిరీగో కుట్టి ఉంటుందనుకున్నాం. బుజ్జి పదేళ్ల తెల్ల బొచ్చుకుక్క. మన దగ్గర అందరూ పొమరేనియన్ అని పిలిచేస్తారు గానీ నిజానికి ఇండియన్ స్పిట్జ్. వాపు కంటి దగ్గరుంది కదా అని కంట్లో చుక్కలు వేశాం. నాలుగు రోజులకు అది చితికి చీమూ రక్తమూ కారాయి. మర్నాడు బుజ్జి పెరుగన్నం గిన్నె నాకి నాకి ఖాళీ చేసింది. హమ్మయ్య అనుకున్నాం. మూడు వారాలు తిరక్కుండానే అదే చోట మళ్లీ అదే వాపు.

వెటర్నరీ డాక్టరుగారు కంటి వైపు పెద్దగా చూడను కూడా లేదు. బొటనవేలితో పై పెదవి ఎత్తి, "ఇదండీ సంగతి" అన్నారు. దవడ పళ్ల మీద బెల్లం పాకం గడ్డకట్టినట్టు గోధుమరంగు గార. దాని అంచున ఎర్రగా ఉబ్బిన చిగురు. నొక్కితే చీము. ఆ కంపుకు నేను మొహం తిప్పుకున్నాను. రెండేళ్లుగా "కుక్క నోరు కంపు కొట్టక సువాసన వస్తుందా" అనుకుంటూ భరించిన కంపే అది.

పెద్ద కుక్కకు 42 పళ్లుంటాయి. పైన 20, కింద 22. వాటిలో పై దవడకు రెండు వైపులా ఒక్కోటి చొప్పున ఉండే పెద్ద కోత పన్నుకు మూడు వేర్లు. మాంసాన్ని కత్తెరలా కత్తిరించే పన్ను అది. దాని వేర్ల కొసలు సరిగ్గా కంటి కిందికి వస్తాయి. అక్కడ చీము పడితే, ఎముకను తొలుచుకుని చెంప మీదికి తేలుతుంది. అందుకే పంటి జబ్బు కంటి జబ్బులా కనిపిస్తుంది. యాంటీబయాటిక్ వేస్తే వాపు తీస్తుంది, కోర్సు అయ్యాక మళ్లీ వస్తుంది. కారణమైన పన్ను అక్కడే ఉంది మరి.

మనలా కుక్కలకు పిప్పిపళ్లు రావడం అరుదు. వాటి లాలాజలం మన లాలాజలం కన్నా క్షారగుణం ఎక్కువున్నది. పంటిని తినేసే ఆమ్లం అందులో నిలవదు. కానీ ఆ మేలే ఇంకో కీడు తెస్తుంది. పంటి మీద సూక్ష్మజీవులు కట్టే మెత్తటి పాచిని అదే లాలాజలంలోని ఖనిజాలు రెండు మూడు రోజుల్లోనే రాయిలా మార్చడం మొదలుపెడతాయి. అదే గార. పాచిని బ్రష్షుతో తుడిచేయొచ్చు, గారను తుడవలేం.

అయితే ఆ గార అసలు జబ్బు కాదు. చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది కాబట్టి మన కోపమంతా దాని మీదే. జబ్బు చిగురు కింద నడుస్తుంది. పాచి చిగురు అంచు దాటి లోపలికి జారితే, గాలి ఆడని ఆ సందులో వేరే రకం సూక్ష్మజీవులు చేరతాయి. వాటిని తరమడానికి ఒంట్లోని రక్షణ దళాలు దిగుతాయి. ఆ యుద్ధంలో నష్టపోయేది ఇల్లే: పంటినీ ఎముకనూ పట్టి ఉంచే నారపోగులు తెగుతాయి, ఎముక కరుగుతుంది, చిగురుకూ పంటికీ మధ్య సంచిలాంటి గొయ్యి పడుతుంది. చిగురు మాత్రమే వాచినంత వరకు మొదటి దశ. శుభ్రం చేస్తే పూర్తిగా వెనక్కి వస్తుంది. పంటి ఆధారం 25 శాతం లోపు పోతే రెండో దశ, 50 శాతం దాకా మూడోది, అది దాటితే నాలుగోది. పోయిన ఎముక మాత్రం దానంతటది తిరిగి రాదు.

పాచి ఒక్కటే ఇంత పని చేయగలదా? స్వీడన్‌లో దంత పరిశోధకుడు యాన్ లిండే బృందం బీగిల్ కుక్కల మీద 4 ఏళ్ల పాటు ప్రయోగం చేసి 1975లో ఫలితాలు ప్రచురించింది. అన్నింటికీ మెత్తటి తిండే. ఒక గుంపుకు రోజూ పళ్లు తోమారు, రెండో గుంపుకు తోమలేదు. తోమిన వాటి చిగుళ్లు బాగున్నాయి. తోమని వాటికి ముందు చిగుళ్లు వాచాయి, తర్వాత ఎక్కువ వాటిలో ఎముకా పోయింది. అన్నింటిలోనూ పోలేదు, అదొక విశేషం. నిజానికి వాళ్లు తెలుసుకోవాలనుకున్నది మనుషుల చిగుళ్ల జబ్బు గురించి. కుక్కల పళ్లు తోమాలన్న సలహాకు బలమైన రుజువు అలా దొరికింది.

చిన్న జాతి కుక్కలకు ఈ బెడద ఎక్కువ. దవడ చిన్నది, పళ్లు మాత్రం ఆ దవడకు మించిన సైజు. కింది దవడలో పెద్ద దవడ పన్ను వేర్లు ఎముక లోతంతా ఆక్రమించేస్తాయి. దాని చుట్టూ ఎముక కరిగితే సోఫా మీంచి దూకినా దవడ విరగొచ్చు. పై కోరపన్ను లోపలివైపున, పంటికీ ముక్కుకీ మధ్య ఉండేది పల్చటి ఎముక పొర. అది పోతే నోటి నుంచి ముక్కులోకి దారి పడుతుంది. నీళ్లు తాగగానే తుమ్మే ముసలి కుక్కకు జలుబు కాకపోవచ్చు, కోరపన్ను దగ్గర కన్నం ఉండొచ్చు.

"నొప్పుంటే తింటుందా?" అని అమ్మ అడిగింది. తింటుంది. నొప్పి పైకి చూపించకపోవడం కుక్కల స్వభావం, ఆకలి నొప్పి కన్నా పెద్దది. తర్వాత గుర్తు చేసుకుంటే తెలిసింది: బుజ్జి కొన్ని నెలలుగా ఒక వైపే నములుతోంది, చపాతీ ముక్క వేస్తే కింద పడేసి మళ్లీ తీసుకుంటోంది, తాడు లాగే ఆట మానేసింది. మేం వయసనుకున్నాం.

ఇక పళ్లు బాగుచేయాలంటే మత్తు ఇవ్వాలని డాక్టరుగారు అనగానే ఇంట్లో టెన్షన్. పదేళ్ల ప్రాణి తట్టుకుంటుందా? మత్తు లేకుండా, పట్టుకుని గార గీకేసే చోట్లు ఉన్నాయని ఎవరో చెప్పారు. ఖర్చూ తక్కువే. కానీ మెలకువగా ఉన్న కుక్క చిగురు కింద ఎవరూ పనిముట్టు పెట్టలేరు. పైన తెల్లగా మెరుస్తుంది, కింద జబ్బు అలాగే సాగుతుంది. నా దృష్టిలో అది కూలిపోయే గోడకు సున్నం వేయడం. ప్రపంచ వెటర్నరీ సంఘాల దంత మార్గదర్శకాలు కూడా ఈ పద్ధతి వద్దనే చెబుతాయి.

ముందు రక్తపరీక్ష చేసి కిడ్నీలు, లివర్ బాగున్నాయని తేల్చుకున్నారు. ఆపరేషన్ రోజు సెలైన్, గుండెకూ ఆక్సిజన్‌కూ మానిటర్, శ్వాసనాళంలోకి గొట్టం. గార గీకే పనిముట్టు స్కేలర్. అది చిమ్మే నీళ్లూ మురికీ ఊపిరితిత్తుల్లోకి పోకుండా కాపాడేది ఆ గొట్టమే. చిన్న ఒళ్లు త్వరగా చల్లబడుతుంది కాబట్టి కింద వెచ్చటి పరుపు. తర్వాత ఒక్కో పన్ను చుట్టూ గీతలున్న సన్నటి కడ్డీతో లోతు కొలిచారు. కుక్కకు 3 మిల్లీమీటర్ల దాకా మామూలే. కంటి కింది పన్ను దగ్గర కడ్డీ 9 దాకా దిగింది.

ఎక్స్‌రే డాక్టరుగారు నాకూ చూపించారు. తెల్లగా ఉండాల్సిన ఎముక చోట, మూడు వేర్ల చుట్టూ నల్లటి నీడ. పన్ను సగానికి పైగా చిగురు లోపలే ఉంటుంది, అందుకే ఎక్స్‌రే లేకుండా ఏది ఉంచాలో ఏది తీయాలో చెప్పలేరట. మూడో దశ పళ్లను లోతుగా శుభ్రం చేసి నిలబెట్టొచ్చు. కాకపోతే తర్వాత రోజూ తోమే ఓపిక ఇంట్లో ఉండాలి. నాలుగో దశకు పీకేయడమే వైద్యం. పీకడం అంటే పట్టకారు పెట్టి గుంజడం కాదు. నరానికి మత్తు సూది, చిగురు తెరవడం, మూడు వేర్ల పన్నును డ్రిల్లుతో మూడు ముక్కలు చేసి ఒక్కో వేరునూ మెల్లగా వదులు చేయడం, ఎముక అంచులు నున్నగా చేసి, కరిగిపోయే దారంతో కుట్టడం. అప్పటికే 3 పళ్లు రాలిపోయి ఉన్నాయి. ఇంకో 12 తీశారు. మిగిలినవి 27.

నొప్పికి వాళ్లిచ్చిన మందే వాడాం. ఇంట్లో ఉందని ఐబుప్రొఫెన్ లాంటి మన మాత్రలు వేస్తే కుక్క కడుపూ కిడ్నీలూ దెబ్బతింటాయి. మన టూత్‌పేస్టూ పనికిరాదు. కుక్క ఉమ్మేయదు, మింగుతుంది. కొన్ని పేస్టుల్లో తీపి కోసం వేసే జైలిటాల్ దానికి విషం. ఎముకల సంగతీ అడిగాను. గట్టి ఎముక, జింక కొమ్ము, గిట్ట ఏదిచ్చినా ఆ పెద్ద కోత పన్నే పగులుతుందట. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం! గోరు గుచ్చితే నొక్కుపడని వస్తువు కుక్క నోటికి వద్దన్నారు.

రెండు వారాలు మెత్తటి అన్నమే. ఇప్పుడు రాత్రి భోజనాలయ్యాక చికెన్ రుచి పేస్టు పూసిన బ్రష్షుతో చిగురు అంచు వెంబడి, పళ్ల బయటి వైపు మాత్రమే, ఒక అర నిమిషం తోముతున్నాను. బుజ్జికి ఆ పేస్టంటే పిచ్చి. బ్రష్షు తీసేలోపే నాకేస్తుంది. మొన్న పాత తాడు బొమ్మను మంచం కింది నుంచి తనే లాక్కొచ్చి నా కాళ్ల దగ్గర పడేసింది.