ఏసీలో పెట్టే ఓపిక ఎవరికుంది?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డులో ఎక్కడ చూసినా టిక్కీలే (మిర్చి బస్తాలే). కాస్త వెసులుబాటున్న రైతు సరుకును ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం ఆగుతాడు. కౌలు రైతు వచ్చిన రేటుకే తెగనమ్ముకుని వెళ్తాడు. చూసినవాళ్లు "వీళ్లకి ఓపిక లేదండీ" అనేస్తారు.

లెక్క వేసి చూద్దాం. లక్ష రూపాయల సరుకు ఆరు నెలలకి లక్షా పదివేలు పలుకుతుందనుకుందాం. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడికి లక్ష మీద ఆరు నెలల వడ్డీయే 12,000. ఏసీ అద్దె అదనం. ఆగితే మునుగుతాడు. అప్పు లేనివాడు ఆ లక్ష బ్యాంకులో వేసుకుంటే వచ్చేది మూడు నాలుగు వేలు. అద్దె మరీ ఎక్కువైతే తప్ప అతనికి ఆగడమే లాభం. ఇద్దరూ లెక్క ప్రకారమే నడుచుకున్నారు. మనం మాత్రం ఒకరికి ముందుచూపు ఉందని, ఇంకొకరికి లేదని సర్టిఫికెట్ ఇచ్చేస్తాం.

రిస్కు విషయంలోనూ ఇదే పొరపాటు. హాన్స్ బిన్స్‌వాంగర్ అనే ఆర్థికవేత్త మహారాష్ట్ర, ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో నిజం డబ్బుతో బొమ్మా బొరుసు ఆడించాడు. ఫలితాలు 1980లో అచ్చయ్యాయి. పందెం చిన్నదైనప్పుడు తలో రకంగా ఆడినవాళ్లు, అది కూలీ నెల సంపాదనను దాటేసరికి దాదాపు అందరూ ఒకేలా జాగ్రత్తపడ్డారు. ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అంటే భయం అందరిలోనూ ఉన్నదే. 2021లో నల్ల తామర పురుగు మిర్చి పూతను నాశనం చేసినప్పుడు సొంత పొలం ఉన్నవాడికి పొలమైనా మిగిలింది. కౌలు రైతుకి మిగిలింది బాకీ. అయినా మళ్లీ మిర్చే ఎందుకు వేస్తాడంటే, ఆ కౌలు, ఆ బాకీ తీర్చగల పంట అతనికి ఇంకోటి కనిపించదు. దీన్ని తెగింపు అనాలో, గత్యంతరం లేకపోవడం అనాలో!

2013లో వచ్చిన ఒక అధ్యయనం తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు కోతకి ముందూ తర్వాతా ఆలోచనాశక్తి పరీక్షలు పెట్టింది. డబ్బుకి కటకటగా ఉన్న కోత ముందు రోజుల్లో అదే రైతులు వెనకబడ్డారు. డబ్బు టెన్షన్ బుర్రలో చోటు ఆక్రమించడమే కారణమని పరిశోధకుల వివరణ.

తక్కువ వడ్డీకి పంట రుణం దొరికితే యార్డులో లెక్క మారిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి అలాంటి రుణానికి పనికొచ్చే సాగు హక్కు పత్రం ఇస్తారు. దానికి భూయజమాని సంతకం కావాలి. పెడితే పొలం ఎక్కడ చిక్కుల్లో పడుతుందోనని చాలామంది పెట్టరు. పత్రం లేనివాడు కమీషన్ వ్యాపారి దగ్గరికి వెళ్తాడు, పంట ఆయన కొట్టుకే తోలతానని మాటిచ్చి పెట్టుబడి తెచ్చుకుంటాడు.