పెట్టె తర్వాత, ముందు క్యాలెండర్

పిల్లలూ,

సెలవులకు వేడి దేశం వెళ్తున్నామని తెలియగానే మీ కళ్ళన్నీ అటక మీది పెట్టె మీదే ఉంటాయి. పెట్టె సర్దడానికి ఒక సాయంత్రం చాలు. వారాలు పట్టే పనులు వేరే ఉన్నాయి. ముందు క్యాలెండర్ దించి, ప్రయాణం రోజు చుట్టూ ఒక సున్నా చుట్టండి. అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెడదాం.

మొదట పాస్‌పోర్టు. గడువు తీరలేదుగా అని ఊరుకోకండి. అక్కడ దిగే నాటికి ఇంకా 6 నెలల గడువు మిగిలుండాలని చాలా దేశాలు అడుగుతాయి. ఇంట్లో అందరూ పెద్దవాళ్ళవే చూసుకుంటారు. పిల్లల పాస్‌పోర్టు చాలాచోట్ల 5 ఏళ్ళకే అయిపోతుంది, అందుకని మీది మీరే తెరిచి చూసుకోండి. ముద్రలకు ఖాళీ పేజీలు ఉన్నాయో లేదో కూడా.

తర్వాత డాక్టరు. ప్రయాణానికి 4 నుంచి 6 వారాల ముందే వెళ్ళాలి. సూది పడిన మర్నాడే టీకా పనిచెయ్యదు, ఒంట్లో రక్షణ తయారవడానికి రోజులు పడుతుంది. టైఫాయిడ్ సూది కనీసం 2 వారాల ముందు పడాలి. ఎల్లో ఫీవర్ (దోమల వల్ల వచ్చే జ్వరం) టీకా అడిగే దేశమైతే ఇంకా జాగ్రత్త: మొదటిసారి వేయించుకున్నవాళ్ళ సర్టిఫికెట్ 10 రోజుల తర్వాతే చెల్లుతుంది. తొమ్మిదో రోజున దిగితే సరిహద్దు దగ్గర ఆపెయ్యొచ్చు. 2016 నుంచి ఆ సర్టిఫికెట్, అంటే పసుపు కార్డు, జీవితాంతం చెల్లుతోంది కాబట్టి పాతదే కదా అని పారెయ్యకండి.

దోమల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మలేరియా దోమ రాత్రి కుడుతుంది, దానికి దోమతెర ఉంది. డెంగీ దోమ పగలే కుడుతుంది, అదీ ఎక్కువగా పొద్దున్నా సాయంత్రం చీకటి పడే ముందూ. కాబట్టి దోమల మందు రాత్రికే అనుకోవడం తప్పు. సీసా మీద డీట్ 20 నుంచి 30 శాతం, లేదా పికారిడిన్ 20 శాతం ఉందేమో చూడండి. ముందు సన్‌స్క్రీన్ రాసి, అది ఇంకాక దోమల మందు రాయాలి. తిరగేస్తే సన్‌స్క్రీన్ మందును కప్పేస్తుంది. చిన్నపిల్లల అరచేతులకు రాయొద్దు, క్షణంలో నోట్లోకో కంట్లోకో పోతుంది.

సన్‌స్క్రీన్ అందరూ పిసినారిగా వాడతారు. పెద్దమనిషి ఒళ్ళంతటికీ ఒక్కసారికి సుమారు 30 మిల్లీలీటర్లు కావాలి. రెండు గంటలకోసారి, ఈతకొట్టి వచ్చిన ప్రతిసారీ మళ్ళీ రాయాలి. అంటే విమానంలో చేతిసంచిలోకి ఒప్పుకునే 100 మిల్లీలీటర్ల సీసా మూడుసార్లకు సరి. పెద్ద సీసాలు లగేజీలో వెయ్యండి.

మందుల సంచిలో, విరేచనాలప్పుడు నీళ్ళలో కలిపి తాగే ఓఆర్‌ఎస్ పొట్లాలు తప్పనిసరి. లీటరు పొట్లాన్ని గ్లాసు నీళ్ళలో కలిపి తాగించడం ఎక్కువగా జరిగే పొరపాటు. ఉప్పు మితిమీరి, ఉన్న నీరసం ఇంకా పెరుగుతుంది. పొట్లం దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీళ్ళకు 6 టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. చెంచా గోపురంలా నిండకూడదు, కత్తి వెనకవైపుతో పైన సమంగా గీసెయ్యాలి. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబొయ్యండి. అక్కడ జ్వరమొస్తే పారాసెటమాల్ ఒక్కటే వాడాలి. డెంగీ అయితే ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి. మందులన్నీ వాటి అట్టపెట్టెల్లోనే, డాక్టరు చీటీతో, చేతిసంచిలో పెట్టుకోవాలి. ఒక దేశంలో మామూలు దగ్గుమందు ఇంకో దేశంలో నిషిద్ధం కావచ్చు.

ఇప్పుడు మీకిష్టమైన సామాను. ఛార్జర్ వెనక సన్నటి అక్షరాల్లో 100–240 వోల్టులు అని ఉంటే ఎక్కడైనా పనిచేస్తుంది, ప్లగ్గు మార్చే అడాప్టర్ చాలు. జుట్టు ఆరబెట్టే యంత్రం మీద ఆ అంకెలు సాధారణంగా ఉండవు, ఇంట్లోనే వదిలెయ్యండి. పవర్ బ్యాంక్ లగేజీలో వెయ్యకూడదు, చేతిసంచిలోనే. 100 వాట్ అవర్ల లోపుంటే చాలు. దాని మీద రాసిన 20,000 ఎంఏహెచ్‌ను బ్యాటరీ వోల్టులు 3.7తో హెచ్చవేసి వెయ్యితో భాగించండి: 74. పరవాలేదన్నమాట.

బట్టలు వదులుగా, నూలువి, పొడుగు చేతులవి. జీన్స్ అక్కడి తేమలో రెండు రోజులైనా ఆరదు.

డాక్టరు మలేరియా మాత్రలు ఇచ్చి ఉంటే, ఇంటికి తిరిగొచ్చాక వాటిని ఆపెయ్యాలనిపిస్తుంది. మలేరియా క్రిమి కాలేయంలో దాక్కుని ఉంటుంది కనుక మాత్రను బట్టి ఇంకో 7 రోజులో, 4 వారాలో మింగాలి. ఆ తర్వాత ఏడాదిలోపు ఎప్పుడు జ్వరమొచ్చినా, డాక్టరు అడక్కపోయినా, ఏ దేశం వెళ్ళొచ్చారో మొదటి మాటగా చెప్పండి.

మీ తాతయ్య