బీపీ పెరిగితే నాడి పరుగెత్తుతుందా? మా ల్యాబ్‌లో వినే అపోహలు

అటానమిక్ ఫంక్షన్ ల్యాబ్‌లో, అంటే గుండెను, బీపీని మన ప్రమేయం లేకుండా నడిపే నరాల పనితీరు పరీక్షించే చోట పనిచేస్తాను. మా దగ్గరికి వచ్చేవాళ్లు "నా బీపీ ఎంత?" అని అడుగుతారు. మేం చూసేది అది కాదు. బీపీ మారినప్పుడు గుండె ఎలా సర్దుకుంటుందో చూస్తాం.

అపోహ: బీపీ పెరిగితే గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది.

వాస్తవం: సర్దుబాటు దీనికి ఎదురుగా నడుస్తుంది. మెడలో కెరోటిడ్ ధమని చీలేచోట, గుండె పైనున్న బృహద్ధమని వంపులో, సాగుడును పసిగట్టే నరాల కొనలుంటాయి. బీపీ పెరిగి ధమని గోడ సాగగానే మెదడుకు కబురందుతుంది, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నరం గుండె వేగాన్ని తగ్గిస్తుంది. ఇదే బారోరిఫ్లెక్స్. మెట్లెక్కినప్పుడు, టెన్షన్ పడ్డప్పుడు రెండూ కలిసి పెరుగుతాయన్నదీ నిజమే. అప్పుడు మెదడు బీపీని ఎక్కడ నిలపాలన్న హద్దునే పైకి జరుపుతుంది.

అపోహ: బారోరిఫ్లెక్స్‌ను కొలవాలంటే ధమనిలో సూది పెట్టాలి.

వాస్తవం: వేలికి చిన్న కఫ్, ఛాతీకి ఈసీజీ చాలు. 1973లో చెక్ శాస్త్రవేత్త యాన్ పెన్యాజ్ చూపించిన పద్ధతి ఇది. వేలిలోని రక్తం పరిమాణాన్ని ఇన్‌ఫ్రారెడ్ కాంతి గమనిస్తుంది. అది మారకుండా కఫ్ క్షణక్షణం బిగుసుకుంటూ వదులవుతూ ఉంటుంది. ఆ బిగువే బీపీ. సూది లేదు కానీ తంటాలున్నాయి. ఏసీకి వేళ్లు చల్లబడితే సిగ్నల్ పోతుంది, అప్పుడు వేడినీళ్ల సీసా చేతికిస్తాను. చెయ్యి గుండె ఎత్తుకు 10 సెంటీమీటర్లు కిందికి జారితే, బీపీ దాదాపు 8 మి.మీ. ఎక్కువ చూపిస్తుంది.

అపోహ: ఇంట్లో బీపీ మిషన్, చేతికి స్మార్ట్‌వాచ్ ఉంటే సరిపోతుంది.

వాస్తవం: మిషన్ ఒకసారి బిగిస్తే ఒకటే రీడింగ్. మాకు ప్రతి బీట్‌కీ బీపీ కావాలి. వరుసగా కనీసం మూడు బీట్లలో పై బీపీ పెరుగుతూ, బీట్ల మధ్య వ్యవధి కూడా పెరుగుతున్న చోట్లు వెతుకుతాం. బీపీ 118, 120, 123 అవుతుంటే వ్యవధి 800, 820, 850 మిల్లీసెకన్లు అయిందనుకోండి. 1 మి.మీ.కి 10 మిల్లీసెకన్లన్నమాట. బారోరిఫ్లెక్స్ ఎంత చురుగ్గా ఉందో చెప్పే అంకె ఇదే. బీపీ తగ్గేటప్పుడూ ఇదే లెక్క. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్లకు మాత్రం ఇది కుదరదు.

అపోహ: ఆ అంకె తక్కువొస్తే గుండెజబ్బే.

వాస్తవం: వయసుతో అది ఎలాగూ తగ్గుతుంది. గుండెపోటు వచ్చినవాళ్లపై 1998లో వెలువడిన అట్రామి అధ్యయనంలో ఈ అంకె 3 కంటే తక్కువ ఉన్నవాళ్లకు ప్రాణాపాయం ఎక్కువని తేలింది. కానీ అక్కడ మందు ఎక్కించి బీపీ పెంచి కొలిచారు. ఆ 3ని తెచ్చి వేలి కఫ్ రిపోర్టుకు అంటగట్టడం నాకు నచ్చదు.

అపోహ: లేవగానే కళ్లు తిరిగితే నీరసమే.

వాస్తవం: నిలబడ్డ 3 నిమిషాల్లో పై బీపీ 20 గానీ కింది బీపీ 10 గానీ పడిపోతుందేమో చూడాలి. పడినప్పుడు నాడి బాగా పెరిగితే ఒంట్లో నీరు తగ్గిందేమోనని చూస్తాం. బీపీ పడినా నాడి పెద్దగా కదలకపోతే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్లలో, అనుమానం నరాల మీదికి పోతుంది.