ఆఫ్రికా పల్లెలకు పక్కబట్టలు: అపోహలు - వాస్తవాలు

ఉగాండా పల్లెల్లో బడి పిల్లలకు పక్కబట్టలు అందించే పనిలో నేనొక వాలంటీర్‌ని. చాప, పలచటి పరుపు, దుప్పటి, దోమతెర: ఒక్కో బిడ్డకు ఇచ్చే మూటలో ఉండేవి ఇవే. సాయం చేస్తామని ఫోన్ చేసే మనవాళ్ల నోట తరచూ వినే మాటలివి.

అపోహ: ఆఫ్రికా అంటే ఎండ. దుప్పట్లెందుకు?

వాస్తవం: నైరుతి మూలన ఉన్న కబాలే కొండలు 1,800 మీటర్లకు పైనే ఉంటాయి. భూమధ్యరేఖకు అంత దగ్గరైనా రాత్రిపూట 10 డిగ్రీల దాకా చలి దిగుతుంది. డిసెంబరులో లంబసింగిలో మట్టి నేల మీద గోనెసంచి పరుచుకుని పడుకోవడం ఊహించుకోండి. ఇక కింది ఊళ్లలో అసలు బాధ దోమలది.

అపోహ: ఇక్కడ చవక, కొని పార్సిల్ చేస్తాం.

వాస్తవం: వద్దండి. రవాణా, కస్టమ్స్ కలిపితే దుప్పటి ధరను మించిపోతుంది. అక్కడే కొంటే అక్కడి దర్జీకి, చాపలల్లే ఆడవాళ్లకు పని దొరుకుతుంది. పరుపు చిరిగితే కుట్టేవాళ్లూ ఊళ్లోనే ఉంటారు. డబ్బు పంపండి, బిల్లులు అడగండి. అడిగే హక్కు మీకుంది.

అపోహ: దోమతెర చేతిలో పెడితే మన పని అయిపోయినట్టే.

వాస్తవం: అసలు పని అప్పుడే మొదలవుతుంది. ఆఫ్రికాలో మలేరియాతో చనిపోయేవాళ్లలో నాలుగింట మూడొంతుల మంది ఐదేళ్లలోపు పిల్లలే. ఆ దోమ ఎక్కువగా కుట్టేది అందరూ నిద్రలో ఉండే వేళలో. చతురస్రపు తెరకు నాలుగు మూలలా తాడు కట్టాలి. గడ్డి కప్పు, మట్టి గోడల గుడిసెలో మేకు ఎక్కడ నిలుస్తుంది? అందుకే గుండ్రటి తెర ఇస్తే మేలు, కప్పు వాసానికి ఒక్క తాడుతో వేలాడుతుంది. ఆ తాడు కూడా మూటలోనే పెట్టాలి. కొత్త తెరను ముందు ఒక రోజు నీడలో ఆరేయాలి, ఎండలో వేస్తే తెరకు పట్టించిన దోమల మందు బలం పోతుంది. పొద్దున్నే ముడేసి పైకి కట్టకపోతే పొయ్యి నిప్పు అంటుకునే ప్రమాదం ఉంది. ఇవన్నీ తల్లికి, అమ్మమ్మకు వాళ్ల భాషలో చెప్పి, ఒకసారి కట్టి చూపించాలి. నేను ఎక్కువ సమయం పెట్టేది దీనికే.

అపోహ: నిరుపేద పిల్లల్ని మనమే ఏరుకోవాలి.

వాస్తవం: ఒక్కరోజు చూసి పేదరికాన్ని కొలవలేం. ఆ పని టీచర్లది, ఊరి పెద్దలది. నా మటుకు నేను తరగతి మొత్తానికి ఇవ్వమంటాను. పక్కవాడికి వచ్చి తనకు రాని బిడ్డ ముఖం చూడటం నావల్ల కాదు. ఇంటివాళ్లు సరేనంటేనే ఫొటో తీయాలి.

అపోహ: పంచడానికి మనం ఉగాండా వెళ్తే, విమాన టికెట్ ఖర్చు సంస్థే పెట్టుకుంటుంది.

వాస్తవం: విరాళం పిల్లల కోసం, మన టికెట్ మన జేబులోంచే. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు ఎల్లో ఫీవర్ టీకా వేయించుకోండి. ఆ కార్డు చూపించకపోతే తిరిగొచ్చాక మన విమానాశ్రయంలో క్వారంటైన్‌కు పంపుతారు. మలేరియా మాత్రల గురించి డాక్టరుని ముందే అడగండి.